పందెపు బోటును మళ్లీ సరస్సులో దించే ముందు

చలికాలమంతా షెడ్డులో పడి ఉన్న అవుట్‌బోర్డు (మోటారును వెనుక బయటివైపు బిగించే) రేసింగ్ బోటును బయటికి తీయగానే ఎవరైనా మొదట చూసేది ఇంజను స్టార్టవుతుందా లేదా అన్నదే. మా తరం సరదా పందేలు నడిపిన రోజుల్లోనూ రేవు దగ్గర మాటలన్నీ వేగం చుట్టూనే తిరిగేవి. కానీ ఈ ఆటలో అసలు భయపడవలసింది నడిపేవాడు నీళ్లలో పడ్డాక ఏం జరుగుతుందన్న దాని గురించి. మనిషి లేని బోటులో ఇంజను తిరుగుతూనే ఉంటే, మోటారు ఒక పక్కకు ఒరిగిపోయి, బోటు గుండ్రంగా చుట్టి వచ్చి పడిన మనిషి మీదికే వస్తుంది. అందువల్ల తనిఖీ కిల్ స్విచ్ తాడుతో, అంటే నడిపేవాడు పడగానే ఊడివచ్చి ఇంజనును ఆపేసే తాడుతో, మొదలుపెట్టాలి.

ఇంజనును నిదానంగా తిప్పుతూ తాడును ఒక్కసారి లాగి చూడండి. అది తక్షణం ఆగిపోవాలి. రెండు మూడు సార్లు దగ్గి ఆగితే స్విచ్ లోపలి కాంటాక్టులకు తుప్పు పట్టిందనో, వైరు వదులైందనో అనుమానించాలి. తాడు కొనను లైఫ్ జాకెట్‌కు గానీ తొడకు గానీ తగిలించుకోవాలి తప్ప స్టీరింగ్‌కు చుట్టి వదిలేయకూడదు. అమెరికాలో ఫెడరల్ పరిధిలోని జలాల్లో 26 అడుగుల లోపు మోటారు బోట్లు వేగంగా నడిపేటప్పుడు ఈ తాడు వాడటాన్ని 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. పందేలాడేవాళ్లు అంతకు ఎంతో ముందునుంచే దీన్ని కట్టుకుంటున్నారు.

ఇంజను వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ సంగతీ ఇలాంటిదే. చేత్తో నొక్కిపట్టే లీవరును వదలగానే స్ప్రింగు దాన్ని పూర్తిగా వెనక్కి లాగేయాలి. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు చూస్తే చాలదు. ఎడమకు చివరిదాకా ఒకసారి, కుడికి చివరిదాకా మరోసారి తిప్పి చూడాలి, ఎందుకంటే మోటారు తిరిగినప్పుడు కేబుల్ వంపు మారి, నిటారుగా ఉన్నప్పుడు చక్కగా జారే తీగ అక్కడ బిగుసుకుపోవచ్చు. స్టీరింగ్ తీగలను కప్పీల దగ్గర గుడ్డతో తుడవండి. గుడ్డకు పోగులు తగులుకుంటే తీగ తెగడం మొదలైనట్టే, దాన్ని అతికించే ప్రయత్నం చేయకుండా మార్చేయండి.

పాత ప్లైవుడ్ బోట్లలో మోటారు బిగించే వెనుక పలకను స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. గట్టి చెక్క టంగున మోగుతుంది, లోపల నీరు పట్టి కుళ్లినది మొద్దుగా పలుకుతుంది. కుళ్లిన పలక మీద బిగింపు మరలు ఎంత తిప్పినా లాభం లేదు. చెక్క బాగున్నా, మోటారు ఊడితే చేజారకుండా బోటుకు కట్టిన గొలుసు ఒకటి ఉండాలి.

గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే సీలు గుండా నీరు చేరినట్టు. ప్రొపెల్లర్‌ను చేత్తో ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ వైర్లు ఊడదీయండి. టూ-స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ పాళ్లు తయారీదారు చెప్పినట్టే కలపాలి. 24:1 (24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) కోసం చేసిన పాత మోటారులో 50:1 పోస్తే ఆయిల్ చాలక నిండు వేగంలో పిస్టన్ పట్టేసి, బోటు ఒక్కసారిగా మందగించి మనిషి ముందుకు ఎగిరిపడవచ్చు. ట్యాంకును బోటులో నుంచి తీసి ఒడ్డుమీదే నింపాలి, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి బోటు అడుగున పేరుకుంటుంది.

ఎండ చూసి నీళ్లను అంచనా వేయకండి. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. చల్లటి నీళ్లలో పడిన మొదటి నిమిషంలో శ్వాస అదుపు తప్పి నీరు మింగే ప్రమాదం ఉంది. స్పృహ తప్పినా ముఖాన్ని పైకి నిలిపే కాలరున్న జాకెట్, దూరం నుంచి కనిపించే ముదురు నారింజ రంగు హెల్మెట్ కావాలి. పడినవాడు బాగానే ఉంటే చెయ్యి పైకెత్తాలి. ఎత్తకపోతే రక్షక బోటు మిగతా ఏదీ ఆలోచించకుండా బయలుదేరాలి, దగ్గరికి వచ్చాక ఇంజను ఆపాలి.

మొదటి రోజు పోటీదారు లేకుండా, రక్షక బోటు నీళ్లలో ఉండగా, సగం థ్రాటిల్‌తోనే తిరగండి. ఎదురుగాలి బలంగా ఉంటే హైడ్రోప్లేన్‌ను (నీటిని అంటీ అంటకుండా పైపైన పరుగెత్తే పందెపు బోటును) దించకండి, తేలిక ముక్కు కిందికి గాలి దూరితే అది వెనక్కి తిరగబడుతుంది. నాలుగైదు చుట్లయ్యాక ఒడ్డుకు వచ్చి మోటారు బిగింపు మరలను మళ్లీ తిప్పి చూడండి. మొదటి అదురుకు అవి కొంత వదులై ఉండవచ్చు.