స్పెయిన్‌లో అద్దె ఇంట్లో కుదురుకోవడం ఎలా

స్పెయిన్ నగరాల్లో ఎక్కువమంది ఉండేది అపార్టుమెంట్లలోనే. అలాంటి ఇంటిని అక్కడివారు పీసో అంటారు. చదువుకో ఉద్యోగానికో వెళ్లి పీసోలో అద్దెకు దిగేవారు గదులనూ వంటింటినీ చూసుకున్నంత శ్రద్ధగా ఆ భవనం పద్ధతులను కూడా తెలుసుకోవాలి. కరెంటు వాడకం మొదలుకొని బట్టలారేయడం దాకా సగం వ్యవహారం ఇరుగుపొరుగుతో ముడిపడినదే. మొదటి నెలల్లో అవసరపడే స్పానిష్ కూడా చాలావరకు మెట్ల మీద, లిఫ్టులో మాట్లాడేదే.

ముందుగా ఒప్పందం. ఇళ్ల అద్దెలను నడిపించేది 1994 నాటి చట్టం. దాని ప్రకారం ఫియాన్థా అనే ధరావతు ఒక నెల అద్దె. దానికి అదనంగా యజమాని హామీ కోరవచ్చు గాని, సాధారణ ఒప్పందాల్లో అది రెండు నెలల అద్దెను మించరాదు. యజమాని సంస్థ కాక వ్యక్తి అయితే, ఒప్పందంలో ఒక్క ఏడాదే రాసుకున్నా, అద్దెకున్నవారు కోరుకుంటే అయిదేళ్ల వరకు ఉండవచ్చు. 2023 నుంచి ఏజెన్సీ రుసుము యజమానే భరించాలి. మరో పేరు పెట్టి అదే సొమ్ము అడిగితే, అది దేనికోసమో రాతపూర్వకంగా చెప్పమనడం మంచిది.

చిరునామా చదవడం కూడా నేర్చుకోవలసిన విషయమే. వీధి పేరు, భవనం నంబరు, ఆ తరువాత అంతస్తు, చివరగా తలుపు వస్తాయి. తలుపుకు అక్షరమో అంకెయో ఉంటుంది, లేదా కుడివైపుదైతే దెరేచా, ఎడమవైపుదైతే ఇథ్‌కియేర్దా అని ఉంటుంది. నేల అంతస్తు బాహో, దాని పైది మొదటిది. అయితే బార్సెలోనాలోని పాత భవనాల్లో ఈ రెంటి నడుమ ఎంత్రెస్వేలో, ప్రిన్థిపాల్ అనే అంతస్తులు కూడా ఉండవచ్చు గనుక, కాగితం మీద మూడో అంతస్తు అని ఉన్న ఇంటికి అయిదు అంతస్తులు ఎక్కవలసి రావచ్చు. లిఫ్టు ఉందో లేదో ముందే అడగాలి.

తాళాలు చేతికి రాగానే చేయవలసిన పని నగరపాలక సంస్థలో నివాసిగా నమోదు కావడం; దీన్ని ఎంపద్రొనామియెంతో అంటారు. స్పెయిన్‌లో నివసించే ప్రతి ఒక్కరికీ ఇది చట్టరీత్యా తప్పనిసరి. ఆరోగ్య కార్డుకూ పిల్లల బడి ప్రవేశానికీ ఈ నమోదు పత్రమే అడుగుతారు. ఐరోపా సమాఖ్యకు చెందనివారు, శాశ్వత నివాసానుమతి లేకపోతే, రెండేళ్లకొకసారి దీన్ని పునరుద్ధరించుకోవాలి. నమోదుకు ఒప్పుకోనని యజమాని ముందే చెబితే ఆ ఇల్లు వదులుకోవడమే మేలు.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది కరెంటు. ఒకేసారి ఎన్ని కిలోవాట్లు వాడుకోవచ్చో కరెంటు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఉదాహరణకు 3.45 కిలోవాట్ల ఒప్పందం ఉన్న ఇంట్లో నీళ్ల హీటరు, ఓవెను నడుస్తుండగా బట్టల మిషను కూడా వేస్తే సరఫరా ఆగిపోతుంది. అప్పుడు ఒకటి రెండు పరికరాలు ఆపి, గుమ్మం దగ్గరి పెట్టెలోని ప్రధాన స్విచ్చిని దించి, కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ ఎత్తాలి. పరిమితిని పెంచుకోవచ్చు గాని, నెలనెలా కట్టే స్థిర రుసుము కూడా పెరుగుతుంది. వాడకాన్ని విడదీసుకోవడమే తెలివైన పని. 2021 జూన్ 1 నుంచి నియంత్రిత ధర తీసుకున్న ఇళ్లకు రోజును మూడు భాగాలు చేశారు. ప్రధాన భూభాగంలో పనిరోజుల్లో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు రుసుములు ఎక్కువ. అర్ధరాత్రి నుంచి ఉదయం 8 వరకు, శని ఆదివారాలు పూర్తిగా, తక్కువ. అందుకే చాలామంది బట్టలుతికే పనిని వారాంతానికి పెట్టుకుంటారు. గొట్టపు గ్యాసు లేని ఇళ్లకు 12.5 కిలోల నారింజ రంగు సిలిండరు వస్తుంది. దాన్ని తెచ్చే మనిషి బుతానెరో.

కిటికీల బయట ఉండే చుట్టు తెరలు పెర్సియానాలు. వేసవిలో ఎండ పడే వైపు వాటిని పగలంతా దించి, చల్లబడ్డాక ఎత్తితే ఇల్లు కాగకుండా ఉంటుంది. పట్టీని నెమ్మదిగా లాగాలి, ఎందుకంటే మామూలు వాడకంతో వచ్చే చిన్న మరమ్మతుల ఖర్చు అద్దెకున్నవారిదే. బట్టలు సాధారణంగా భవనం నడుమ వెలుతురు కోసం వదిలిన ఖాళీ మీది తీగలపై ఆరేస్తారు. జారిన చొక్కా కోసం కింది ఇంటి గంట కొట్టడం తప్పు కాదు, కాని మధ్యాహ్నం మూడింటికి మాత్రం కొట్టవద్దు. అది భోజనాల వేళ. రాత్రి భోజనం తొమ్మిది దాటాక గాని మొదలు కాదు. తిన్నాక బల్ల దగ్గరే కూర్చుని కబుర్లాడటం సోబ్రెమేసా. అతిథిగా వెళ్లినవారు చివరి ముద్ద కాగానే లేచిపోతే ముభావంగా అనిపిస్తుంది. ఇంకొక మాట: చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటున్నవారు అక్కడి ఇళ్లలో ముందు ఇంటివారిని చూసి నడుచుకోవాలి, ఎందుకంటే అతిథులు సాధారణంగా బూట్లతోనే లోపలికి వస్తారు.

భాష విషయానికొస్తే, లిఫ్టులో ఎవరు కనిపించినా పలకరించడం కనీస మర్యాద. మధ్యాహ్న భోజనం చేసేంతవరకు, అంటే ఒకటిన్నర అయినా, బ్వేనోస్ దియాస్ అనే అంటారు. ఆ తరువాత చీకటిపడే దాకా బ్వేనాస్ తార్దెస్. దిగిపోతూ అస్తా ల్వేగో (మళ్లీ కలుద్దాం) అనాలి, మళ్లీ కలిసే ఉద్దేశం లేకపోయినా సరే. వయసు మళ్లిన ఇరుగుపొరుగువారిని, వద్దని వారే అనేంతవరకు, ఉస్తెద్ (మీరు) అనే పిలవాలి. ఈడువారితో మొదటి నుంచే తూ (నువ్వు) చెల్లుతుంది. లాటిన్ అమెరికా పద్ధతిలో స్పానిష్ నేర్చుకున్నవారికి బహువచనంలో వినిపించే బొసోత్రోస్ (చనువుగా అనే మీరందరూ) కొత్తగా ఉంటుంది, కాని తమకు అలవాటైన ఉస్తేదెస్ వాడినా ఎవరూ తప్పుపట్టరు. భవనం నోటీసు బోర్డు బార్సెలోనాలో అక్కడి భాష కాటలాన్‌లోనూ, బిల్బావులో బాస్క్‌లోనూ ఉండవచ్చు.

ఆ బోర్డును వారానికొకసారైనా చూడాలి. నీళ్లు ఆపే వేళలు, లిఫ్టు మరమ్మతులు అక్కడే తెలుస్తాయి. ఇళ్ల యజమానుల సంఘం 1960 నాటి చట్టం ప్రకారం ఏడాదికొకసారైనా సమావేశం కావాలి. అద్దెకున్నవారికి అందులో ఓటు లేదు గనుక, పైకప్పు కారుతోందన్న ఫిర్యాదును ఇంటి యజమాని ద్వారానే పంపాలి.

ఖాళీ చేయదలచుకుంటే, ఆరు నెలలు గడిచాక, 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపితే చాలు. ఒప్పందంలో పరిహారం షరతు ఉందేమో మాత్రం ముందే చదవాలి. తాళాలు ఇచ్చే రోజున మీటర్ల అంకెలనూ గదులనూ ఫోటో తీసి, తాళాలు అందినట్టు సంతకం తీసుకోవాలి. ఆ తేదీ నుంచి నెల దాటినా ఫియాన్థా తిరిగి రాకపోతే, దానిపై వడ్డీ కూడా రావాలి.