మూగమనసులు ఎలా చూడాలి? మా రేవు పక్క వాళ్ల పద్ధతి ఇది

మొన్న మా పిన్ని కూతురు హైదరాబాద్ నించి ఫోన్ చేసి, అక్కా మూగమనసులు చూశానే, పాటలు బావున్నాయి గానీ అమ్మా అమ్మమ్మా అంతలా ఎందుకు ఏడుస్తారో నాకైతే అర్థం కాలేదు అంది. ఎలా చూశావే అన్నాను. మెట్రోలో, ఫోన్‌లో, స్పీడ్ పెంచేసి, పాటలొచ్చినప్పుడల్లా ముందుకి జరిపేసి, మూడు రోజుల్లో ముక్కలు ముక్కలుగా చూసిందట. తప్పు దానిది కాదు, ఎలా చూడాలో మేమెవరం చెప్పలేదు, మేం చూస్తూ పెరిగాం కాబట్టి అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాం. అందుకే దానికోసం, దానిలాంటి వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను.

ముందు కాస్త వివరం. సినిమా వచ్చింది 1964లో, బ్లాక్ అండ్ వైట్. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారు, ఆయనది రాజమండ్రే. కథలో చెయ్యి ఉన్న ముళ్లపూడి వెంకటరమణ గారు పుట్టింది ధవళేశ్వరంలో. మాటలు ఆత్రేయ గారు, సంగీతం కె.వి. మహదేవన్ గారు. పడవ నడిపే గోపిగా నాగేశ్వరరావు గారు, జమీందారు గారి అమ్మాయి రాధగా సావిత్రి గారు, గోపిని మనసులో పెట్టుకున్న గౌరిగా జమున గారు. గోపి రోజూ రాధని పడవలో ఏరు దాటించి కాలేజీకి పంపుతాడు, కథంతా అక్కణ్నించి పుడుతుంది. ఇంక ఇక్కణ్నించి కథ దాచకుండానే మాట్లాడతా, ఎందుకంటే సినిమా కూడా దాచదు, ఆ సంగతి కిందకొచ్చాక చెప్తాను.

మొట్టమొదటి పని, వీలుంటే ఒకసారి రేవు దాటి రండి. బ్రిడ్జి మీంచి కాదు, నీళ్ల మీంచి. మాది కోటిపల్లి దగ్గర, అవతల ముక్తేశ్వరం, మధ్యలో గోదారి పాయ గౌతమి. అటు ఇంకో పాయ వశిష్ఠ వైపు వాళ్లకి సఖినేటిపల్లి నించి నరసాపురం పంటు ఉంది, పంటు అంటే జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ. చించినాడ దగ్గరా యానాం ఎదుర్లంక దగ్గరా వంతెనలు వచ్చాక ఏరు దాటడం అంటే బండి మీద కాసేపటి పని అయిపోయింది, మంచిదే, పురిటి నొప్పులతో ఉన్న ఆడవాళ్లని రాత్రిపూట పడవ కోసం గట్టు మీద కూర్చోబెట్టిన రోజులు మావాళ్లకి ఇంకా గుర్తే. కానీ ఈ సినిమా అర్థం అవ్వాలంటే పడవ మీద పట్టే ఆ టైము ఎంతో ఒంటికి తెలియాలి. ఇవతలి గట్టు మీద జమీందారు గారమ్మాయి జమీందారు గారమ్మాయే, పడవోడు పడవోడే. అవతలి గట్టు మీద కూడా అంతే. మధ్యలో, నీళ్ల మీద ఉన్న కాసేపే వాళ్లిద్దరూ ఉత్త మనుషులు. ఆవిడ కూర్చునుంటుంది, అతను తెడ్డేస్తుంటాడు, మాట్లాడుకోడానికి ఇంకెవరూ ఉండరు. గట్టు దగ్గర పడుతున్న కొద్దీ ఆ మాటలు ఆగిపోవాల్సిందే. రోజూ దొరికేది అంతే టైము, రోజూ అయిపోయేదీ అంతే. పంటు మీద ఒకసారి అవతలి రేవు దగ్గరకొస్తుంటే గమనించండి, అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న వాళ్లు సంచులు సర్దుకోడంలో పడి ఎవరి మొహాలు వాళ్లు వేరేగా పెట్టేసుకుంటారు.

రేవుకి వెళ్లలేని వాళ్లు కనీసం ఇది మనసులో పెట్టుకుని కూర్చోండి, సరిపోతుంది.

రెండోది కూర్చునే పద్ధతి. ఫోన్ వద్దు, టీవీలో పెట్టండి, పాత సినిమా కాబట్టి సౌండ్ కొంచెం గరగరలాడుతుంది, ఫ్యాను తగ్గించుకోండి. వంటలు అయిపోయాక, ఎవరూ లేచి వెళ్లక్కర్లేని టైము చూసుకోండి, నిడివి ఎక్కువే మరి. ఒక్క సిట్టింగ్‌లో చూడండి. ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవిడ పక్కన కూర్చోండి, సినిమా ఎంత చూస్తారో ఆవిడ మొహం కూడా అంత చూడండి. స్పీడ్ పెంచొద్దు, ఎంత నెమ్మదిగా అనిపించినా సరే. పాటలు దాటేయొద్దు, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా, ఎందుకంటే ఈ సినిమాలో మాటల్లో చెప్పుకోలేనివన్నీ పాటల్లోకి వెళ్లిపోయాయి. పాటలు తీసేస్తే మిగిలేది ఒక పడవోడు, ఒక పెళ్లి, ఒక చావు, దానికి ఎవరు మాత్రం ఏడుస్తారు.

మూడోది చాలా ముఖ్యం, నిజానికి నేను ఇదంతా రాస్తోంది ఈ ఒక్క ముక్క కోసమే. పిలుపులు వినండి. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారు అన్నదాని మీద చెవి పెట్టండి.

గోపి ఆవిడని అమ్మాయిగోరూ అంటాడు. మనవైపు పిల్లలకి చెప్పక్కర్లేదు, గారు అనేది గోరు అవుతుంది మన ఏటిగట్టు నోట్లో. ఆ ఒక్క పిలుపులో గౌరవం ఉంది, దూరం ఉంది, నా హద్దు నాకు తెలుసు అన్న ఒప్పుకోలు ఉంది, కానీ నాగేశ్వరరావు గారు ఆ పిలుపుని ప్రతిసారీ ఒకేలా పిలవరు. సరదాగా ఉన్నప్పుడు ఒకలా, కంగారులో ఒకలా, ఆవిడ కష్టంలో ఉన్నప్పుడు ఇంకోలా. ప్రేమ అనే మాట అతని నోట్లోంచి రావక్కర్లేదు, అది ఆ గోరు లో ఎంత సాగింది, ఎక్కడ తగ్గింది అన్నదాంట్లోనే ఉంటుంది. తెలుగులో మనం ప్రేమని ఎప్పుడూ వరసల్లోనే కదా చెప్పుకున్నాం, బావా అంటే ఒకటి, ఏవండీ అంటే ఒకటి. వీళ్లిద్దరికీ వరసే లేదు. పిలుచుకోడానికి మాట లేని ఇద్దరు మనుషులు, అందుకే ఆ సినిమాకి ఆ పేరు.

ఇప్పుడు నా పాట నీ నోట పలకాల సిలక పాట దగ్గరకి రండి. ఘంటసాల గారూ సుశీల గారూ. గోపి పాడి చూపిస్తాడు, రాధ అందుకుని చిలకా అంటుంది, చదువుకున్న అమ్మాయి కదా. అతను ఒప్పుకోడు, చిలక కాదు సిలక అని సరిదిద్దుతాడు. చాలామంది దీన్ని చిన్న సరదాగా చూసి వదిలేస్తారు, నాకు మాత్రం సినిమాకి గుండెకాయ ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే జమీందారు గారమ్మాయి కాలేజీకి వెళ్లేదే చిలక అని శుద్ధంగా పలకడం నేర్చుకోడానికి. బయట లోకం అంతా గోపి లాంటి వాళ్ల మాటని దిద్దుతుంది. ఆ పడవ మీద మాత్రం గోపి గురువు, ఆవిడ శిష్యురాలు, అతని యాస ఒప్పు, ఆవిడ పలుకు తప్పు. ఆవిడ నవ్వుతూ దిద్దుకుంటుంది చూడండి, అతని మాటని తన నోట్లోకి తీసుకుంటుంది. ముట్టుకోవడం అన్నది అక్కర్లేకుండానే అంత దగ్గరతనం ఎలా వచ్చిందో ఒక్క అక్షరంలో ఉంది. పట్నం వెళ్లి మన యాస మానుకున్న వాళ్లెవరైనా ఈ పాట విని చూడండి, ఎక్కడో గట్టిగా తగుల్తుంది.

మా అమ్మమ్మ ఏడ్చేది ఆఖర్లో కాదు, ఈ పాటకే. చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది, నవ్వుకుంటున్న పాట కదా అమ్మమ్మా ఎందుకు ఏడుస్తున్నావు అంటే, "దానికేం తెలుసే పాపం ఏం రాబోతుందో" అంది. అదే నేను పైన చెప్పిన సంగతి. సినిమా మొదట్లోనే కొత్తగా పెళ్లైన జంట గోదారి మీద వెళ్తుంటే సుడి దగ్గర వెనకటి జన్మ గుర్తొస్తుంది, తర్వాత ముసలి గౌరి ఆ పాత కథ చెప్తుంది. అంటే వాళ్లిద్దరూ చచ్చిపోయారని మనకి ముందే తెలుసు. తర్వాత ఏమవుతుందా అన్న ఉత్కంఠని తీసి పక్కన పెట్టేశాడు దర్శకుడు. దాంతో ప్రతి నవ్వూ, ప్రతి చిన్న అలకా, రోజూ ఏరు దాటిన ప్రతి ట్రిప్పూ, అన్నీ లెక్కలోంచి ఒకటి తగ్గినట్టే ఉంటాయి మనకి. కాబట్టి మొదటి పది నిమిషాలు వంటింట్లో ఉండి తర్వాత వచ్చి కూర్చుంటా అంటే కుదరదు, ఆ పది నిమిషాలు చూడకపోతే తర్వాతి రెండు గంటలూ పట్టుకోవు.

పునర్జన్మ నమ్మని వాళ్లకి ఒక మాట. నమ్మక్కర్లేదు. దాన్ని గౌరి వైపు నించి చూడండి. ఇంత మంచి మనుషులకి ఈ జన్మలో దారి లేదు, ఇంకో జన్మైనా ఇవ్వకపోతే చూసేవాళ్లు ఇంటికెళ్లి నిద్రపోలేరు, అందుకని ఇచ్చారు. నేను అలాగే తీసుకుంటాను. మధ్యలో వచ్చే కామెడీ కొంత ఇప్పుడు అతకదు, అది ఒప్పుకుంటాను, ఆ కాసేపు మంచినీళ్లు తాగి రండి.

నాలుగు, పిల్లలతో చూస్తుంటే ఒకచోట ఆపి చెప్పాల్సింది ఉంది. రాధ పెళ్లై వెళ్తుంది, భర్త పోయి తిరిగొస్తుంది. ఇప్పటి పిల్లలు వెంటనే అడుగుతారు, మరి గోపిని చేసుకోవచ్చు కదా అని. కోప్పడకండి, మంచి ప్రశ్న. ఇదే రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించారు. అప్పటికీ ఈ సినిమాకీ ఎనభై ఏళ్లు దాటింది, అయినా ఊరు వాళ్లిద్దర్నీ ఒకచోట చూసి నోటికొచ్చినట్టు మాట్లాడుకుంటుంది, హాల్లో కూర్చున్న జనానికి ఆ ఊరు కొత్తగా అనిపించలేదు. చట్టం ఒప్పుకున్నా వీధి ఒప్పుకోని రోజులు, అని చెప్పండి చాలు. ఇంకా వివరం కావాలంటే ఇంట్లో పెద్దవాళ్లని అడగమనండి, మా ఇంట్లో అలా అడిగినప్పుడే మా అమ్మమ్మ వాళ్ల మేనత్త గురించి మొదటిసారి విన్నాను, ఆవిడ పదిహేనేళ్లకే పుట్టింటికి తిరిగొచ్చి పెరటి గది దాటి బయటికి రాలేదట.

తిరిగొచ్చిన రాధకి గోపి పాడే పాటే పాడుతా తీయగా చల్లగా. ఇక్కడ మళ్లీ పిలుపు వినండి. జోలపాట అది, పసిపాపలా నిదరపొమ్మంటాడు, తల్లీ అంటాడు. అమ్మాయిగోరు కాస్తా తల్లి అయింది. మన ఇళ్లల్లో చంటిపిల్లని ఎత్తుకుని మా తల్లే అంటామే, ఆ తల్లి. ఆడదాని దుఃఖం దగ్గర మగవాడు నిలబడటానికి ఆ రోజుల్లో లోకం ఒప్పుకునే వరస ఒక్కటీ లేకపోతే అతను తనంతట తాను ఒకటి వెతుక్కున్నాడు. ఘంటసాల గారు గొంతు పెంచకుండా, నిజంగా ఎవరో నిద్రపోతున్నట్టే పాడతారు. ఈ పాటప్పుడు లైట్లు తీసేయండి.

అయిదోది రెండోసారి చూసేవాళ్లకి. ఈసారి గోపినీ రాధనీ వదిలేసి గౌరిని మాత్రమే చూడండి. గోదారీ గట్టుంది పాటలో దాశరథి గారు గట్టు, గట్టు మీద చెట్టు, కొమ్మ మీద పిట్ట అని వరసగా చెప్పి పిట్ట మనసులో ఏముంది అని అడిగిస్తారు. గంతులేస్తూ పాడే పిల్లని చూసి మొదటిసారి మనం కూడా గంతులే చూస్తాం. రెండోసారి తెలుస్తుంది, ఆ ప్రశ్న గౌరిని సినిమా మొత్తంలో సరిగ్గా ఎవరూ అడగలేదని. రాధకి పాడిన సుశీల గారే గౌరికీ ఈ పాట పాడారు, గొంతు ఒకటే, ఒకరికి దొరికింది ఇంకొకరికి దొరకలేదు. వాళ్లిద్దరూ నీళ్లల్లో కలిసిపోతే వాళ్ల కథని ముసలైపోయేదాకా మోసింది గౌరి. తనని ప్రేమించని మనిషి ప్రేమకథని తనే చెప్పుకోడం ఎంత కష్టమో, జమున గారి మొహం మీద చూడాలి. ఈ పాత్రనే ఆవిడ హిందీలో మిలన్‌లో మళ్లీ చేశారు, 1967లో, దర్శకత్వం ఆదుర్తి గారిదే, దానికి ఆవిడకి సహాయనటిగా ఫిలింఫేర్ వచ్చింది.

ఓపికుంటే ఆ మిలన్ కూడా చూడండి, సిలక పాట చోటు మాత్రమైనా. అక్కడ సునీల్ దత్ నూతన్ చేత షోర్ కాదు సోర్ అనిపిస్తాడు. చూశారా, పదం మారింది గానీ ఆ దిద్దడం వదల్లేదు, దేంట్లో ప్రాణం ఉందో తీసినాయనకి తెలుసు. తమిళంలో 1971లో సావిత్రి గారే ప్రాప్తం అని సొంతంగా తీసి, దర్శకత్వం చేసి, శివాజీ గణేశన్ పక్కన మళ్లీ తనే వేశారు. చేతులు కాల్చుకున్నారు పాపం. అన్నేళ్ల తర్వాత కూడా ఆ పాత్రని వదల్లేకపోయారంటే అది ఆవిడని ఎంత పట్టుకుందో ఆలోచించండి.

సినిమా అయిపోగానే ఎలా ఉంది అని ఎవర్నీ అడగొద్దు. కాసేపు అలా వదిలేయండి, టీ పెట్టండి. తర్వాత నెమ్మదిగా, ఎవరు గుర్తొచ్చారు అని అడగండి. బావుందా లేదా అంటే ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఎవరు గుర్తొచ్చారు అంటే మా ఇంట్లో రాత్రి పదకొండు దాటింది ఒకసారి. పదిమందిలో చెప్పుకోలేని పేర్లు కూడా వచ్చాయి, పేర్లు రాకుండా ఉత్త ఊళ్లు కూడా వచ్చాయి.

మా పిన్ని కూతురికి ఇదంతా ఫోన్‌లో చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత సంక్రాంతికి వస్తానంది. వచ్చినప్పుడు ముందు పొద్దుగూకే వేళ పంటు ఎక్కించి ముక్తేశ్వరం దాకా తీసుకెళ్లి తిరిగి తీసుకొస్తా. ఆ రాత్రి అమ్మమ్మ మంచం పక్కన చాప వేసి సినిమా పెడతా, సిలక పాట వచ్చినప్పుడు దాన్ని టీవీ కాదు, అమ్మమ్మని చూడమని ముందే చెప్పి ఉంచాను.