యానిమేలో మాటల మాయగాళ్ళు ఎందుకంత నచ్చుతారో తెలియాలంటే రెండోసారి ఎలా చూడాలి

యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, చూసేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే హీరో గురించి ఎంతసేపు మాట్లాడుకుంటారో, మాటలతో మనుషుల్ని బుట్టలో వేసేవాళ్ళ గురించి, అంటే బ్లీచ్‌లో ఐజెన్ గురించి, డెత్ నోట్‌లో లైట్ గురించి, మాన్‌స్టర్‌లో జోహన్ గురించి, హంటర్ x హంటర్‌లో హిసోకా గురించి అంతకంటే ఎక్కువసేపు మాట్లాడుకుంటారు. ఎందుకు నచ్చాడ్రా అంటే అందరూ చెప్పేది ఒకటే, తెలివైనోడు కదా అని. నేనూ చాలాకాలం అదే అనుకున్నా గానీ అది సరిపోదు, ఎందుకంటే తెలివైన క్యారెక్టర్లు యానిమేలో బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళందరూ ఇలా బుర్రలో తిష్ట వేసుకుని కూర్చోరు. నాకు అర్థమైంది ఏంటంటే, ఈ మాయగాళ్ళు ఎదుటి మనిషిని మన ఇంట్లోవాళ్ళు కూడా చదవనంత శ్రద్ధగా చదువుతారు. ఆ శ్రద్ధే మనల్ని లాగుతుంది, భయపెట్టేదీ అదే. దాన్ని కళ్ళారా చూడాలంటే ఎలా చూడాలో నేను చేసే పద్ధతి రాస్తున్నా. డెత్ నోట్, బ్లీచ్, మడోకా మాజికా, మాన్‌స్టర్ చూడనివాళ్ళు ముందు అవి చూసి రండి, ఇక్కడ నుంచి అన్నీ స్పాయిలర్లే.

మొదటిసారి చూసేటప్పుడు ఏ పద్ధతీ వద్దు, మోసపోండి, హాయిగా పూర్తిగా మోసపోండి. క్యారెక్టర్ పేరు సెర్చ్ చేయకండి, పేరు కొట్టగానే కింద వచ్చే సజెషన్లే కథంతా చెప్పేస్తాయి. నాకు బ్లీచ్ అలాగే పోయింది, మా పెద్దమ్మ కొడుకు ఒకే ఒక్క మాట నోరు జారాడు, ఐజెన్ కళ్ళజోడు తీసేశాక భలే ఉంటాడక్కా అని. అంతే. అప్పటికి నా కథలో ఐజెన్ చచ్చిపోయి గోడకి వేలాడుతున్నాడు, అతని కింద పనిచేసే హినామోరి గుండెలు బాదుకుంటోంది, నేనూ ఆ పిల్లతో పాటు ఏడ్చి ఇంకా కళ్ళు కూడా తుడుచుకోలేదు. 62వ ఎపిసోడ్‌లో ఐజెన్ ఆ కళ్ళజోడు తీసి, జుట్టు వెనక్కి తోసుకుని, చేతిలో దాన్ని నలిపేసే చోట అందరికీ ఒళ్ళు జలదరించింది, నాకు మాత్రం ఆ క్షణం దక్కలేదు. అది తిరిగి రాదు. కాబట్టి ఎవరైనా మొదటిసారి చూస్తుంటే వాళ్ళ దగ్గర నోరు కట్టేసుకోండి, అది మనం వాళ్ళకి చేయగలిగిన పెద్ద ఉపకారం.

అసలు పని రెండోసారి మొదలవుతుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఫోన్లో నోట్స్ అయినా పర్లేదు. మాయగాడిని చూడ్డం మానేసి ఎదురుగా ఉన్న మనిషిని చూడండి, అంటే బుట్టలో పడబోయే మనిషిని. సీన్ అయ్యాక మూడు సంగతులు రాయండి, ఆ మనిషికి ఆ క్షణంలో ఏం కావాలి, మాయగాడు ముందుగా ఇచ్చిన నిజం ఏంటి, ఇంక వెనక్కి తిరగలేని మాట ఏది. ఇంతే.

ఎలాగో చూపిస్తా, డెత్ నోట్ 7వ ఎపిసోడ్ తీసుకోండి, లైట్, నవోమి మిసోరా కలిసి నడిచే సీన్. లైట్ దగ్గరున్న నోట్‌బుక్‌లో ఎవరి అసలు పేరు రాస్తే వాళ్ళు చచ్చిపోతారు, అలా చంపుతున్నది ఎవరో తెలియక జనం పెట్టిన పేరే కిరా. నవోమి ఒకప్పుడు ఎఫ్‌బీఐలో చేసింది, పెళ్ళి కోసం ఉద్యోగం వదిలేసింది, కాబోయే భర్త రే పెన్బర్‌ని కిరా చంపేశాడు, కిరా గుండెపోటుతోనే కాదు వేరే రకంగా కూడా చంపగలడని ఆమె ఒక్కతే కనిపెట్టింది. ఆ సంగతి దర్యాప్తు టీమ్‌కే నేరుగా చెప్పాలని పోలీస్ హెడ్‌క్వార్టర్స్‌కి వస్తే రిసెప్షన్‌లో లోపలికి పంపట్లేదు. అదే టైమ్‌కి నాన్నకి బట్టలు ఇద్దామని లైట్ వచ్చాడు. ఇప్పుడు మొదటి ప్రశ్న వేసుకోండి, నవోమికి ఏం కావాలి? కిరాని పట్టుకోవాలి అని రాస్తే సగమే రాసినట్టు. ఆమెకి తన మాట వినే మనిషి కావాలి. తను వదిలేసిన పని మళ్ళీ కావాలి, రే కూడా ఈ కేసు జోలికి రావద్దనే చెప్పాడు ఆమెకి, అది గుర్తుపెట్టుకోండి.

రెండో ప్రశ్న. లైట్ మొదట ఇచ్చింది అబద్ధం కాదు. మా నాన్నే ఈ కేసుకి హెడ్ అంటాడు, నిజమే. ఫోన్ చేసి ఇస్తానంటాడు, నిజంగానే ఫోన్ చేస్తాడు, అవతల స్విచాఫ్. ఆమె అనుమానంగా చూసే ప్రతిసారీ చూపించడానికి అతని దగ్గర ఒక నిజం ఉంది, అందుకే ఆమె తనకి తెలిసిందంతా చెప్పేస్తుంది, అతను పక్కన నడుస్తూనే ఆమె చెప్పిన పేరు రాసేస్తాడు, ఆమె చావదు. ఎందుకంటే ఆమె చెప్పింది దొంగ పేరు! ఆ చోట లైట్‌కి పట్టే చెమట మనకి కూడా పడుతుంది, ఎందుకంటే అప్పటికే మనం తెలియకుండా వాడి పక్షాన చేరిపోయాం. (ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు గానీ నిజం అది, నవోమి బతకాలని కోరుకుంటూనే వాడు దొరక్కూడదని కూడా కోరుకున్నా.)

ఇంక మూడో ప్రశ్న. ఆమె వెళ్ళిపోతోంది, లైట్ వెనకాల పరిగెత్తి వెళ్ళి ఏమంటాడు? బెదిరించడు, బతిమాలడు. నేనూ ఆ టీమ్‌లో ఉన్నాను, మీలాంటివాళ్ళు ఈ టీమ్‌లో ఉండాలి, వచ్చి మాతో పనిచేయండి అన్నట్టు మాట్లాడతాడు. చూశారా, ఆమె పోగొట్టుకున్న దాన్నే తీసుకొచ్చి చేతిలో పెడుతున్నాడు! టీమ్‌లో చేరాలంటే గుర్తింపు కార్డు కావాలి కదా మరి. ఆమె దొంగ పేరు చెప్పినందుకు సారీ చెప్పి మరీ డ్రైవింగ్ లైసెన్స్ తీసి చూపిస్తుంది. అక్కడితో అయిపోయింది. తర్వాత వాడు పదేపదే వాచీ చూసుకుంటుంటే ఎందుకలా చూస్తున్నావని ఆమె అడుగుతుంది, నేనే కిరా అని చెప్తాడు. ఈసారి ఆ సీన్‌లో వాడి మొహం చూడకండి, ఆ మాట విన్నాక మెల్లగా ఖాళీ అయిపోయే ఆమె కళ్ళు చూడండి. నాకైతే డెత్ నోట్ మొత్తంలో అంత బరువైన సీన్ ఇంకోటి లేదు, కిరాని వెతికే డిటెక్టివ్ ఎల్ చనిపోయే ఎపిసోడ్ కూడా నా లెక్కలో దీని తర్వాతే.

ఈ లెక్క మనకి కొత్తేం కాదు. శకుని అనగానే అందరూ పాచికలు పాచికలు అంటారు గానీ సభాపర్వంలో శకుని దుర్యోధనుడితో చెప్పే మాట గుర్తు చేసుకోండి, ధర్మరాజుకి జూదం అంటే ఇష్టం, ఆడ్డం రాదు, పిలిస్తే కాదనలేడు. ఆట అక్కడే అయిపోయింది, పాచికలు వేయడం తర్వాత సంగతి. శకునిని చూస్తూ పెరిగినవాళ్ళకి ఐజెన్ తొందరగా అర్థమవుతాడు.

ఇంకో ఎక్సర్‌సైజ్, నిజాలు లెక్కపెట్టడం. దీనికి మడోకా మాజికా పర్ఫెక్ట్, 2011లో వచ్చింది, 12 ఎపిసోడ్లే, ఒక వీకెండ్ చాలు. దాంట్లో క్యూబే అని తెల్ల పిల్లిలాంటి ప్రాణి ఒకటి ఉంటుంది, కోరిక తీరుస్తానని ఆడపిల్లలతో ఒప్పందం చేసుకుంటుంది, అది చెప్పే ప్రతి మాటకీ పక్కన టిక్ పెట్టండి, నిజమా అబద్ధమా అని. చివరికి చూస్తే అబద్ధం కాలమ్‌లో ఏం ఉండదు. 6వ ఎపిసోడ్‌లో సయాకా సోల్ జెమ్‌ని, అంటే ఒప్పందంతో ఆమెకి వచ్చిన మాయ రాయిని, ఆమె ఫ్రెండ్ మడోకా వంతెన మీద నుంచి కిందకి విసిరేస్తే సయాకా అక్కడికక్కడే కుప్పకూలిపోతుంది, అప్పుడు తెలుస్తుంది ఆ పిల్లల ప్రాణం ఆ రాయిలోనే ఉందని, ముందే ఎందుకు చెప్పలేదంటే అడగలేదు కదా అంటుంది ఆ తెల్ల పిల్లి. పెదవి కూడా కదలదు దానికి మాట్లాడేటప్పుడు, గమనించండి. నాకు లైట్ కంటే క్యూబే అంటేనే ఎక్కువ భయం, లైట్‌కి కనీసం తప్పు చేస్తున్నానన్న ఎరుక ఎక్కడో ఉంది.

తర్వాత, కథ మనల్ని ఎక్కడ కూర్చోబెట్టిందో చూసుకోండి, ఇది చాలామంది వదిలేస్తారు. డెత్ నోట్‌లో మనం లైట్ బుర్ర లోపల కూర్చుంటాం, ప్లాన్ మనకి తెలుసు, మనం తోడుదొంగలం. చిప్స్ ప్యాకెట్‌లో చిన్న టీవీ పెట్టుకుని కుడిచేత్తో లెక్కలు, ఎడంచేత్తో పేర్లు రాసే సీన్ అంత పిచ్చిగా ఎక్కడానికి కారణం అదే, అతని గదిలో కెమెరాలు పెట్టి చూసేవాళ్ళకి తెలియంది మనకి తెలుసు. బ్లీచ్‌లో దానికి పూర్తిగా రివర్స్, ఐజెన్ మనల్ని కూడా ముంచుతాడు. అతని కత్తి చూసినవాళ్ళ కళ్ళకి లేనిది ఉన్నట్టు చూపిస్తుంది, ఆ కత్తి ఎలా పనిచేస్తుందో చూపిస్తానని తన తోటివాళ్ళని పిలిచి మరీ చూపించాడు, అది చూసినోళ్ళందరూ ఆ క్షణం నుంచే ఆ మాయలో ఉన్నారు, వాళ్ళు దాన్ని పెద్దమనిషి తరహా అనుకున్నారు. ఇక మాన్‌స్టర్, 74 ఎపిసోడ్లలో జోహన్ కనిపించేది చాలా తక్కువ, వాడు వెళ్ళిపోయాక మిగిలిన మనుషుల్నే ఎక్కువ చూస్తాం. దాంట్లో మొదట్లోనే ఒక సీన్ ఉంది, డాక్టర్ టెన్మా కోపంలో, స్పృహ లేకుండా పడుకున్న పిల్లాడి, అంటే చిన్నప్పటి జోహన్ మంచం పక్కన నిలబడి, హాస్పిటల్ డైరెక్టర్ లాంటోళ్ళు చావాలి అంటాడు, పిల్లాడు విన్నాడు, డైరెక్టర్ చచ్చాడు. వినడం! ఇంతమంది మాయగాళ్ళలో అందరికీ ఉన్న ఒకే విద్య అదే.

చెవులు కూడా వాడండి. తెలుగు డబ్బింగ్ దొరికితే మొదటిసారి దాంట్లో చూసినా రెండోసారి జపనీస్ ఆడియో పెట్టండి, భాష రాకపోయినా పర్లేదు, ఒక్క మాట పట్టుకుంటే చాలు. మనకి "నేను" ఒక్కటే, జపనీస్‌లో బోలెడు ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకున్న మంచి కెప్టెన్ ఐజెన్ తనని తాను "బోకు" అంటాడు, అది మెత్తని మాట, కుర్రాళ్ళు వాడేది. ఆకాశంలోకి లేచి ఇకపై ఆ సింహాసనం మీద నిలబడేది నేనే అనే చోట "వతాషి" అంటాడు. సబ్‌టైటిల్‌లో రెండూ "నేను"నే. కళ్ళజోడు పగిలినప్పుడే ఆ "నేను" కూడా మారిపోయింది, అది విన్న రోజు నేను ఎపిసోడ్ ఆపేసి కాసేపు అలా కూర్చుండిపోయా. ఐజెన్ పక్కనుండే గిన్ ఇచిమారు మాటల్లో అయితే క్యోటో యాస ఉంటుంది, మిగతావాళ్ళ పక్కన వింటే తేడా తెలిసిపోతుంది. వాడి కళ్ళు ఎప్పుడూ గీతల్లా మూసుకునే ఉంటాయి, జపాన్‌లో అలాంటి కళ్ళని దారం కళ్ళు అనే అర్థంలో "ఇతోమే" అంటారు. వాళ్ళ జానపద కథల్లో మనుషుల్ని బురిడీ కొట్టించేది నక్క, వేషాలు మారుస్తుంది, గిన్ మొహం గీసింది ఆ నక్కని చూసే అని అనిపించకుండా ఉండదు.

రక్తపాతం వద్దు, చావులు వద్దు, బుర్ర ఆట మాత్రమే కావాలంటే వన్ అవుట్స్ చూడండి, 25 ఎపిసోడ్లు, బేస్‌బాల్. టోకుచి తోవా అనే పిచ్చర్ (అంటే మన బౌలర్ లాంటోడు) టీమ్ ఓనర్‌తో ఒక ఒప్పందం రాసుకుంటాడు, తను తీసిన ఒక్కో అవుట్‌కి 50 లక్షల యెన్‌లు తనకి, ఇచ్చిన ఒక్కో పరుగుకి 5 కోట్ల యెన్‌లు తను కట్టాలి. వాడి బంతిలో చెప్పుకోదగ్గ స్పీడ్ లేదు, బ్యాటర్ ఏం అనుకుంటున్నాడో అది తెలుసు అంతే. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది ఇట్టే ఎక్కుతుంది, నెమ్మదిగా వేసి బ్యాట్స్‌మన్‌ని ముందుకి రప్పించి స్టంపింగ్ చేయించే స్పిన్నర్‌ని ఎన్నిసార్లు చూశాం మనం. బేస్‌బాల్ రూల్స్ రావని ఆగిపోకండి, ఆ ఒప్పందం గుర్తుంటే చాలు.

ఎడిట్స్ గురించి ఒక మాట. ఫోన్లో ఫ్యాన్స్ పెట్టే 30 సెకన్ల వీడియో క్లిప్పులు, ఎడిట్స్ అంటారు కదా, వాటిలో ఐజెన్ జుట్టు వెనక్కి తోస్తాడు, మ్యూజిక్ పడుతుంది, కట్. హినామోరి ఉండదు. వాణ్ణి బతికి ఉండగా చూసి ఆనందంతో ఏడుస్తూ దగ్గరికి వచ్చిన పిల్లని కౌగిలించుకుని కత్తి దింపాడు వాడు, ఆ సీన్‌తో కలిపి చూస్తేనే ఐజెన్ అంటే ఎవరో తెలుస్తుంది. ఎడిట్స్ చూడొద్దని కాదు, నేనూ చూస్తా, కానీ ఆ క్యారెక్టర్‌ని ప్రేమిస్తే పూర్తిగా చూసి ప్రేమించండి.

నోట్‌బుక్‌లో చివరి పేజీ ఒకటి ఖాళీగా ఉంచుకోండి, మాయగాడు ఎవర్ని చదవలేదో రాయడానికి. ఇదే నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. డెత్ నోట్ మొత్తం మీద లైట్ ఎంతమందిని చదివాడు, ఎల్‌ని, తన మీద ప్రేమతో పడిచచ్చే మీసాని, నాన్నని, రెమ్‌ని కూడా, మృత్యుదేవతని! మత్సుదాని మాత్రం ఎప్పుడూ చదవలేదు. కిరా దర్యాప్తు టీమ్‌లో అందరూ చిన్నచూపు చూసే మనిషి అతను, తింగరి పనులు చేస్తాడు, లైట్ అంటే అభిమానం, లైట్ నాన్న అంటే ప్రాణం. రెండోసారి చూసేటప్పుడు గదిలో మత్సుదా ఎక్కడ కూర్చున్నాడో, లైట్ అతని వైపు ఎన్నిసార్లు తిరిగాడో గమనిస్తూ రండి. ఆ తర్వాత 37వ ఎపిసోడ్ పెట్టండి, గోడౌన్‌లో అంతా బయటపడిపోయాక లైట్ వాచీలో దాచిన కాగితం ముక్క తీసి పేరు రాయబోతాడు, ఆ చేతిని తుపాకీతో కాల్చేది మత్సుదా, ఏడుస్తూ.