నెలల తరబడి వదలని నడుం నొప్పికి ఏం చేయాలి, ఎవరికి చూపించుకోవాలి?

నడుం నొప్పి మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. నాకు మూడేళ్లు ఉంది. బెల్టు కొన్నాను, ఇంజెక్షన్లు చేయించుకున్నాను, ఎంఆర్ఐ రిపోర్టులో "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు కాస్త ఉబ్బడం) అని చూసి ఇక జన్మలో వంగకూడదేమో అని నీళ్ల బకెట్ కూడా ముట్టుకోవడం మానేశాను. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా చాలామందికి అదే మాట వస్తుందని నాకు అప్పుడెవరూ చెప్పలేదు.

ముందుగా ఇది చూసుకోండి. మూత్రం రాకపోవడం, మూత్రం గానీ మలం గానీ తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో బలం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. నొప్పితోపాటు జ్వరం ఉన్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా, కిందపడ్డాక మొదలైనా డాక్టర్‌కి చూపించడం వాయిదా వేయొద్దు.

ఇవేవీ లేకపోతే నొప్పి ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు తగ్గుతోందో ఒక వారం నోట్సు రాసి డాక్టర్‌కి చూపించండి. నా పుస్తకంలో ఇలా ఉండేది: "పొద్దున ఊడుస్తుంటే కుడివైపు పట్టేసింది. కూరగాయలకు నడిచి వెళ్లొచ్చాక తేలిక." డాక్టర్ ఫిల్ము పక్కనపెట్టి ఆ రెండు లైన్ల మీదే పది ప్రశ్నలు అడిగారు. నలభై ఐదేళ్ల లోపే మొదలై, పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, పడుకుంటే తగ్గక, తిరిగితే తగ్గే నొప్పి అయితే రుమటాలజిస్టును (కీళ్లవాతం జబ్బులు చూసే డాక్టర్) కలవండి, ఎందుకంటే అది వెన్నులో వాపు వల్ల వచ్చే వేరే జబ్బు కావచ్చు, దాని మందులూ వేరు.

మిగతావాళ్లకు అసలు పని ఫిజియోథెరపిస్టు దగ్గరే. అయితే రోజూ కరెంటు పెట్టి, ట్రాక్షన్ (నడుమును బరువుతోనో యంత్రంతోనో లాగి పట్టడం) వేసి పంపించేస్తుంటే అక్కడ డబ్బు పోయకండి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో ట్రాక్షన్, బెల్టులు, అల్ట్రాసౌండ్ చికిత్స మామూలుగా వాడొద్దని ఉంది, వ్యాయామం చేయించమని ఉంది. మీతో వంగించి, లేపించి, ఇంట్లో చేయాల్సినవి నేర్పి, వచ్చే వారం "చేశారా?" అని అడిగే మనిషిని వెతుక్కోండి.

ఇక నడక. మొదట ఐదు నిమిషాలు చాలు, తట్టుకోగలిగినంత మేరకు వారం వారం పెంచండి. ఆస్ట్రేలియాలో చేసి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నడుం నొప్పి తగ్గినవాళ్లలో ఫిజియో సలహాతో నడక మొదలుపెట్టినవాళ్లను చూస్తే, సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, ఆ సలహా అందనివాళ్లలో 112 రోజులే.

మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర నెలల తరబడి మింగొద్దు, దయచేసి. కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం. నిద్ర సరిగా లేకపోయినా, టెన్షన్ పెరిగినా నొప్పి ఎక్కువవుతుంది, అది కూడా డాక్టర్‌కి చెప్పండి. ఆపరేషన్ అంటే మాత్రం ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

మధ్యలో ఒకరోజు మళ్లీ పట్టేస్తుంది. ఆరోజు వేడి కాపడం పెట్టుకుని, నడక సగానికి తగ్గించి, మర్నాడు మళ్లీ చెప్పులేసుకోండి.