కొరియన్ హాస్పిటల్ డ్రామాలో ప్రేమ పోటీని పిలుపులతో పట్టుకోవడం ఎలా

ఇద్దరు డాక్టర్లు ఒకే అమ్మాయి మీద మనసు పడ్డ కథను డబ్బింగ్‌లో చూస్తే సగం చేజారుతుంది. పోటీ అంతా పిలుపుల్లో ఉంటే, డబ్బింగ్‌లో అవన్నీ "డాక్టర్", "సార్" అయిపోతాయి. ఆడియో కొరియన్‌కు మార్చి, సబ్‌టైటిల్స్ తెలుగులో ఉంటే తెలుగు, లేదంటే ఇంగ్లీషు పెట్టుకోండి. తెలుగు ఆడియోకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కలపొద్దు. డబ్బింగ్ మాటలు పెదాల కదలికకు సరిపోయేలా రాస్తారు కాబట్టి రెండూ పొసగవు.

మొదటి రెండు ఎపిసోడ్లలో ఎవరు ఏ హోదాలో ఉన్నారో కాగితం మీద రాసుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల్లో హౌస్ సర్జన్ (ఇంటర్న్) ఏడాది డిగ్రీలో భాగం. కొరియాలో 6 ఏళ్ల చదువు, లైసెన్స్ పరీక్ష అయ్యాకే 1 ఏడాది ఇంటర్న్. ఆ తర్వాత రెసిడెంట్, అంటే స్పెషలిస్టు శిక్షణ: ఎక్కువ విభాగాల్లో 4 ఏళ్లు, జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీల్లో ఇప్పుడు 3. ఆపైన ఫెలో (స్పెషలిస్టు అయ్యాక ఇంకా శిక్షణలో ఉన్నవాడు), ప్రొఫెసర్.

ఇక చెవి పెట్టండి. ప్రొఫెసర్‌ను "క్యోసునిమ్" అంటారు, డాక్టర్‌ను "సన్సెంగ్నిమ్" అంటారు. పైవాడు కిందివాణ్ని, మర్యాద చూపే "నిమ్" తీసేసి, "కిమ్ సన్సెంగ్" అని పిలుస్తాడు. సీనియర్ "సన్బే". హీరోయిన్ నోట "సన్బే" పోయి "ఒప్పా" (అన్న అనే మాటే, తనకంటే పెద్దవాడైన ప్రియుణ్నీ అమ్మాయి అలాగే పిలుస్తుంది) వచ్చిందంటే, పక్కనున్న రెండో హీరో ముఖం చూడండి, అతని ఓటమి అక్కడే కనిపిస్తుంది.

అన్నింటికంటే ముఖ్యం మాట చివర. రౌండ్స్‌లో కేసు చెప్పేటప్పుడు "నిదా", మామూలు మర్యాదలో "యో", చనువుంటే రెండూ ఉండవు. మన దిక్కు అమ్మనూ తాతనూ ప్రేమగానే "నువ్వు" అంటాం, అందుకే "యో" పోయినా మన చెవి పట్టించుకోదు. అక్కడ అది పెద్ద సంగతి. అలాగని ప్రతిసారీ ప్రేమ అనుకోవద్దు: సీనియర్ జూనియర్‌తో, ఒకే బ్యాచ్‌వాళ్లు తమలో తాము "యో" లేకుండానే మాట్లాడుకుంటారు. ఇన్నాళ్లూ "యో" అన్న మనిషి ఉన్నట్టుండి మానేస్తేనే లెక్క. అమ్మాయితో మానేస్తే దగ్గరవడం, పోటీదారుతో మానేస్తే కయ్యానికి దిగడం. అర్థం కాకపోతే 10 సెకన్లు వెనక్కి జరిపి ఆ మాట చివర మళ్లీ వినండి.

ఆపరేషన్ సీన్లలో ఎవరెక్కడ నిలబడ్డారో చూడండి. కత్తి పట్టినవాడికి ఎదురుగా ఉండేది ఫస్ట్ అసిస్టెంట్. పోటీదారులిద్దర్నీ అలా ఎదురెదురుగా నిలబెడితే వాళ్ల చూపులకు మాస్కులు అడ్డు రావు. మానిటర్ మీద గీత చదునైనప్పుడు షాక్ ఇచ్చే సీన్ వస్తే మాత్రం నమ్మొద్దు. చదునుగీతకు షాక్ పనిచేయదు. ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడమే అసలు వైద్యం.