వానలు మొదలయ్యేలోగా వర్షమాపకం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

వాన నీటిని గరాటు గుండా పాత్రలోకి పట్టి కొలిచే వర్షమాపకం తప్పు చూపిందని మనం అనుకునే సందర్భాల్లో చాలావరకు లోపం పరికరంలో ఉండదు. దాన్ని నిలబెట్టిన చోటులోనో, నీటిని కొలిచిన తీరులోనో ఉంటుంది. ఒకసారి తప్పుగా నమోదైన వానను తరువాత దిద్దుకునే వీలు లేదు కనుక, బడిలోనైనా పెరట్లోనైనా వానను కొలవదలచినవారు నేల ఇంకా పొడిగా ఉండగానే సిద్ధం కావాలి.

ముందుగా చోటు చూసుకోవాలి. దగ్గరలోని గోడ లేదా చెట్టు ఎంత ఎత్తుంటే, వర్షమాపకం దానికి కనీసం రెట్టింపు దూరంలో ఉండాలి. నాలుగు రెట్ల దూరం దొరికితే మరీ మంచిది. ఈదురుగాలితో వచ్చే వాన ఏటవాలుగా పడుతుంది కాబట్టి, గోడ చాటున పెట్టిన పాత్రలోకి అసలు పడవలసిన నీరు పడదు. సిమెంటు గచ్చు మీద పెడితే చినుకులు ఎగిరి లోపలికి చిమ్ముతాయి; గడ్డి నేల అందుకు నయం. పాత్ర అంచు ఒక పక్కకు ఒరగకుండా ఉందో లేదో మేస్త్రీలు వాడే రసమట్టంతో సరిచూసి, గాలికి పడిపోకుండా గట్టిగా బిగించాలి.

తరువాత గరాటులోని ఆకులు, దుమ్ము, సాలెగూళ్లు తీసివేసి, 100 మిల్లీలీటర్ల నీటిని కొలిచి లోపల పోసి, కొన్ని గంటలు ఆగి మళ్లీ కొలవాలి. నీరు గమనించదగినంత తగ్గితే ఎక్కడో కారుతున్నట్లే.

పట్టిన నీటిని కొలిచే గీతల జాడీ, అంటే కొలజాడీ విషయంలో జరిగే పొరపాటు ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అది కాలమంతా ఎవరి కంటా పడకుండా సాగిపోతుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. గరాటు నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే అదే ఒక మిల్లీమీటరు వానకు 20 మిల్లీలీటర్లు చేరతాయి. 100 చదరపు సెంటీమీటర్లయితే 10 మాత్రమే. మిల్లీమీటర్ల గీతలున్న జాడీ ఏ గరాటు కోసం తయారైందో దానితోనే వాడాలి. పాతది పగిలిందని మరో పరికరం జాడీని తెచ్చుకుంటే వాన సగమో రెట్టింపో అయి కనిపిస్తుంది. మామూలు స్కేలుతో లోతు కొలిచేవారు, చాలా స్కేళ్లలో సున్నా గీతకు ముందు కాస్త ఖాళీ ఉంటుందని గుర్తుంచుకోవాలి.

జాడీని సమతలంపై ఉంచి, కంటిని నీటి మట్టానికి తిన్నగా తెచ్చి చదవాలి. నీరు గాజును అంటుకుని అంచుల్లో కొద్దిగా పైకి పాకుతుంది. మధ్యనున్న పల్లపు భాగమే అసలు కొలత. పాదరసం ఇందుకు భిన్నంగా మధ్యలో ఉబ్బుతుంది కాబట్టి దాని శిఖరాన్ని చూడాలి.

పక్కనే ఉష్ణోగ్రత కూడా కొలిచేవారు పాదరసపు థర్మామీటరును పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మేలు. అది పగిలితే చీపురుతో గానీ వాక్యూమ్ క్లీనరుతో గానీ ఊడ్వకూడదు. అలా చేస్తే పాదరసం మరింత చిన్న బిందువులుగా చెదరి, విషపూరితమైన ఆవిరి గాలిలో కలుస్తుంది. అందరినీ బయటికి పంపి, కిటికీలు తెరిచి, చేతి తొడుగులు వేసుకుని, గట్టి అట్టముక్కతో బిందువులను ఒకచోటికి చేర్చి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో భద్రపరచాలి. దాన్ని మామూలు చెత్తలో వేయరాదు.

ఉరుములు వినిపిస్తున్నంతసేపు కొలతకు బయలుదేరవద్దు. మెరుపుకూ ఉరుముకూ నడుమ ప్రతి మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరమని లెక్క కట్టవచ్చు గానీ, ఆ లెక్క చూసుకుని ధైర్యం చేయకూడదు, ఎందుకంటే తరువాతి పిడుగు ఎక్కడ పడుతుందో అది చెప్పదు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి. గరాటు కింద చేరిన నీరు అంతలో ఆవిరైపోదు. ఆలస్యమైన కొలతకు పక్కన సమయం రాస్తే సరిపోతుంది. అదేవిధంగా వాగులో నీటిమట్టం చూడవలసినవారు గట్టు నుంచే చదవాలి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడదోయగలదు.

నమోదు పుస్తకంలో ప్రతిరోజూ ఒకే వేళకు కొలిచి రాయాలి. కొలవని రోజుకు సున్నా వేయకూడదు. సున్నా అంటే వాన పడలేదని అర్థం. రెండు రోజుల నీరు కలిసిపోతే దాన్ని చెరిసగం చేయకుండా, మొత్తాన్ని ఒకేచోట రాసి అది ఏయే రోజులదో పక్కన పేర్కొనాలి.