కానుకగా సక్యులెంట్ కుండీ: మన ఎండకూ వానకూ నిలిచేలా

గృహప్రవేశానికో, పదవీ విరమణ రోజుకో సక్యులెంట్ (దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క) కుండీ ఇస్తే, పుచ్చుకున్నవాళ్లు ప్రేమకొద్దీ రోజూ నీళ్లు పోస్తారు. నీళ్లు లోపల నిలిచి వేర్లు కుళ్లుతాయి. అందుకే ఈ కానుకలో అసలు పనితనమంతా మట్టి కలపడంలోనే ఉంది.

వరంగల్ వైపు వీటిని నాటడానికి అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మే నెల వడగాడ్పుల్లో కొత్త వేరు పట్టదు, ముసురు పట్టిన రోజుల్లో తెగిన వేరు ఆరదు. ఇవ్వాల్సిన రోజుకు కనీసం 4 వారాల ముందే నాటి పెట్టుకోండి. నిన్న నాటి ఇవాళ ఇచ్చిన కుండీ చూపుకు బాగున్నా, వేరు ఇంకా మట్టిని పట్టుకుని ఉండదు.

కుండీ మట్టిదే తీసుకోండి. 25 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు ఉన్న మూకుడులాంటిది సరిపోతుంది. అడుగున రంధ్రం తప్పనిసరి. లేకపోతే కుండీని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బోర్లించి, గోడలకు వాడే డ్రిల్ బిట్‌తో మెల్లగా 1 సెంటీమీటర్ రంధ్రం వేయండి. గట్టిగా అదిమితే పగులుతుంది.

ఇక మట్టి. నల్లరేగడి అసలు వద్దు, తడిస్తే జిగురై గాలి ఆడనివ్వదు, ఎండితే బిగిసి నెర్రెలిస్తుంది. చెల్క మట్టి (ఎర్రమట్టి) కూడా కుండీలో నీళ్లు పోసేకొద్దీ గట్టిపడుతుంది. లీటరు మగ్గుతో కొలిచి ఇలా కలపండి: దొడ్డు ఇసుక 2 మగ్గులు, శనగగింజంత ఇటుక ముక్కలు 1 మగ్గు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 1 మగ్గు, జల్లించిన వర్మీకంపోస్ట్ 1 మగ్గు, వేపపిండి 2 చెంచాలు. ప్లాస్టరింగ్ ఇసుక పనికిరాదు, ఆ సన్నటి రేణువులు సందులన్నీ పూడుస్తాయి. ఇసుకను, ఇటుక ముక్కలను నీళ్లు తేటపడేదాకా కడగండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండుసార్లు నానబెట్టి పిండేయాలి. కలిపిన మట్టిని తడిపి గుప్పిట్లో నొక్కి వదిలితే విడిపోవాలి. ముద్దగా నిలిస్తే ఇంకో అర మగ్గు దొడ్డు ఇసుక వేయండి.

అడుగున రాళ్ల పొర వేస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్ముతారు. జరిగేది వేరు. సన్న రేణువుల మట్టి పూర్తిగా తడిసిపోయేదాకా నీళ్లను కింది పెద్ద రాళ్లలోకి వదలదు. తడి పొర పైకి జరిగి వేర్ల దగ్గరికే వస్తుంది. రంధ్రం మీద చిన్న జాలీ ముక్క పెడితే చాలు, మిగతా లోతంతా మట్టికే ఇవ్వండి.

మొక్కలు 5 చాలు: వెనక చిన్నాకుల జేడ్ ఒకటి, పక్కన పొట్టి రకం స్నేక్ ప్లాంట్ ఒకటి, ముందు హావర్తియా 2, గాస్టీరియా 1. ఇవి పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు, ఆపైన వెలుతురున్న నీడ ఉంటే బతుకుతాయి. ఎచెవేరియా గులాబీలా ఎంత ముద్దొచ్చినా మన వేసవి రాత్రుల వేడికి తట్టుకోలేదు, దాన్ని వదిలేయండి. పసిపిల్లలో పిల్లులో ఉన్న ఇంటికైతే, నమిలితే హాని చేసే స్నేక్ ప్లాంట్ బదులు ఇంకో హావర్తియా పెట్టండి.

నర్సరీ కవర్లోంచి తీశాక వేర్లకున్న పాత కోకోపీట్ అంతా దులపండి. లేదంటే చుట్టూ మట్టి ఆరినా నడుమ ఆ ముద్ద తడిగానే ఉంటుంది. నల్లబడ్డ వేర్లు కత్తిరించి, 3 రోజులు నీడలో ఆరనిచ్చి నాటండి. మొక్కకూ మొక్కకూ మధ్య నాలుగు వేళ్ల దూరం, కుండీ అంచు కింద 2 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. పైన 6 ఎంఎం బేబీ చిప్స్ (సన్న కంకర) కడిగి ఒక వరుస పరవండి. రంగురాళ్లను జిగురుతో అతికించడం మాత్రం వద్దు, ఎప్పుడు నీళ్లు పోయాలో మట్టిని చూసి తెలుసుకునే వీలుండదు. మొదటి నీళ్లు నాటిన వారానికి.

తర్వాత అగరుబత్తి కాలిపోగా మిగిలిన పుల్లే కొలత. అడుగుదాకా గుచ్చి తీయండి. మట్టి అంటుకుంటే ఆగండి, పొడిగా వస్తే రంధ్రంలోంచి కారేదాకా పోయండి, సుమారు అర లీటరు పడుతుంది. చలికాలం 12 రోజులకోసారి, ఎండాకాలం వారానికోసారి సాయంత్రం పూట. వానకాలం కుండీని చూరు కిందికి జరిపి, పుల్ల పొడిగా వచ్చినప్పుడే.

ఆకులు ముడతపడి మట్టి పొడిగా ఉంటే దాహం. ముడతపడ్డా మట్టి తడిగా ఉంటే వేర్లు కుళ్లాయని అర్థం, అప్పుడు నీళ్లు పోస్తే మొక్క పోతుంది. పీకి, కుళ్లిన భాగం కోసి, వారం ఆరబెట్టి కొత్త మట్టిలో పెట్టాలి. మొక్క సాగిపోయి పాలిపోతే వెలుతురు చాలలేదు. ఆకుల మొదళ్లలో తెల్లటి దూది కనిపిస్తే అది పిండినల్లి, పత్తి రైతులకు తెలిసిందే. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటే తుడవండి, నాలుగైదు రోజులకోసారి మళ్లీ చూస్తూ 3 వారాలు వదలకండి.

ఇచ్చే ముందు 4 రోజులు నీళ్లు ఆపితే కుండీ తేలికవుతుంది, మట్టి ఒలకదు. బండి మీద తీసుకెళ్తుంటే అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ నలిపిన పేపర్ కుక్కండి. ఒక కార్డు మీద ఈ మూడు ముక్కలు రాసి, ఒక పుల్లతో కలిపి కుండీకి కట్టండి: “పుల్ల పొడిగా వస్తేనే నీళ్లు. పొద్దుటి ఎండ చాలు, పడమటి ఎండ వద్దు. వానలో పెట్టొద్దు.”